గీత పడిందా, ముందు గోరుతో చూడండి

అందరికీ నమస్తే అండి. ఒక్క గీత కూడా లేని కారున్నవాళ్ళు చెయ్యెత్తండి అంటే ఇక్కడ ఎవరూ ఎత్తరు, మన పార్కింగులు అలా ఏడిశాయి మరి. సుత్తి లేకుండా నేరుగా విషయంలోకి వెళ్దాం.

కంపెనీ పెయింట్ మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటర్‌లో పదో వంతు, ఇంకొంచెం ఎక్కువ, అంతే. రేకుకి తుప్పు పట్టకుండా వేసే కోటు, ప్రైమర్, రంగు, పైన మెరిసే క్లియర్ కోట్ అన్నీ అందులోనే. క్లియర్ కోట్ ఒక 40, 50 మైక్రాన్లు ఉంటుందేమో, రబ్బింగ్, అంటే మెరుపు కోసం కాంపౌండ్ పెట్టి రుద్దడం, చేయించిన ప్రతిసారీ అందులోంచే కాస్త అరుగుద్ది, అరిగింది మళ్ళీ రాదు. అందుకే వాటర్ వాష్‌కి వెళ్ళినప్పుడల్లా "సార్ రబ్బింగ్ కొట్టేస్తా, కొత్త బండిలా అయిపోద్ది" అంటే సరే అనేయకండి.

గీత పడితే అక్కడ కడిగి, తుడిచి, గోరుతో అడ్డంగా మెల్లగా లాగి చూడండి. గోరు ఎక్కడా తట్టలేదంటే గీత పైపైనే ఉంది, మైక్రోఫైబర్ గుడ్డకి కొంచెం పాలిషింగ్ కాంపౌండ్ పెట్టి చేత్తో రుద్దితే చాలావరకు పోద్ది. గోరు తట్టిందంటే మాత్రం ఎంత రుద్దినా లాభం లేదు, చుట్టూ ఉన్న మంచి పెయింట్ కూడా పోగొట్టుకుంటారు. ఇక ఆ సన్న సాలెగూడు గీతలు, ఎండలో కనపడతాయి చూడండి, అవి చాలావరకు పొద్దున్నే దుమ్ము మీద పొడిగుడ్డ వేసి తుడవడం వల్ల వచ్చేవే.

అసలు భయపడాల్సింది పెచ్చు ఊడినప్పుడు. హైవే మీద టిప్పర్ వెనకాల పోతుంటే కంకర ఎగిరొచ్చి బానెట్ అంచుకి తగులుద్ది, ఆవగింజంత పెచ్చు లేస్తది, ఏముందిలే అని వదిలేస్తాం. లోపల రేకు కనపడుతుంటే వదలకండి, వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో అయితే ఇంకా తొందరగా తుప్పు మొదలై పెయింట్ కిందకి పాకుద్ది. బంపర్ అయితే ప్లాస్టిక్, తుప్పు గొడవ లేదు, తీరిగ్గా చూసుకోవచ్చు.

టచప్ పెయింట్, అంటే పెచ్చు ఊడిన చోట పెట్టే చిన్న సీసా రంగు, కొనేటప్పుడు కలర్ కోడ్ చూసి కొనండి, డోర్ దగ్గర స్టిక్కర్ మీదో ఇంజన్ దగ్గర ప్లేట్ మీదో ఉంటుంది, వైట్ అంటే అన్నీ ఒకటే వైట్ కాదు. తుప్పుంటే సన్న వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రేకు కనపడే చోట ప్రైమర్ పెట్టి ఆరాక రంగు పెట్టాలి. సీసాలో వచ్చే బ్రష్ లావు, దాంతో పెడితే చుట్టూ పూస్తది, టూత్‌పిక్ కొనకి చుక్క తీసుకుని గుంటలో వదిలితే అదే సర్దుకుంటుంది. ఆరితే కుంగుద్ది, అప్పుడు ఇంకో చుక్క, ఒకేసారి నింపేయొద్దు. చివర్లో క్లియర్ కోట్. ఎండలో నిలబెట్టి మాత్రం చేయకండి. మెటాలిక్ సిల్వర్ వాళ్ళకి ముందే చెప్తున్నా, అందులో అల్యూమినియం రేణువులు స్ప్రే చేస్తే ఒకలా, చుక్క పెడితే ఇంకోలా పడతాయి, ఓ పక్క నుంచి చూస్తే మచ్చ తెలుస్తది.

ప్యానెల్ మొత్తం వేయించాల్సొస్తే ఇన్సూరెన్స్ ఉందిగా అని వెళ్ళేముందు లెక్క వేసుకోండి. క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన బండి డ్యామేజీకి కట్టే భాగంలో, మొదటి ఏడాదికి 20 శాతం, అలా పెరిగి 50 శాతం దాకా తగ్గింపు వస్తది, ఒక్క డోర్ కోసం క్లెయిమ్ చేస్తే మామూలుగా అది సున్నాకి వచ్చేస్తది. బయట షాపులో కొటేషన్ తీసుకుని ఆ ఖర్చూ, పోయే తగ్గింపూ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఇక అడగండి, ఎవరికేం డౌట్లున్నాయో.