హన్నా చెప్పని మాట

శ్రోతలకు నమస్కారం.

బైబిల్లో సామెతల గ్రంథం, 14వ అధ్యాయం, 10వ వచనం: "ఎవని దుఃఖము వాని హృదయమునకే తెలియును, ఒకని సంతోషములో అన్యుడు పాలివాడు కానేరడు."

వినడానికి కటువుగానే ఉంటుంది. కష్టసుఖాలు పంచుకోవాలనే కదా మనకు పెద్దలు చెప్పేది! నాకైతే ఈ మాట హన్నా కథ చదివినప్పుడే మనసుకెక్కింది.

సమూయేలు మొదటి గ్రంథంలోది. ఎల్కానాకు ఇద్దరు భార్యలు. పెనిన్నాకు పిల్లలున్నారు, హన్నాకు లేరు. ఏటేటా అందరూ షిలోహులోని దేవుడి మందిరానికి వెళ్లి బలి అర్పిస్తారు. భోజనాల దగ్గర పెనిన్నాకూ పిల్లలకూ తలా ఒక పాలు, హన్నాకు రెండు పాళ్లు. సవతి ఊరుకుంటుందా? ఎత్తిపొడుపులు. హన్నా ఏడుస్తుంది, ముద్ద ముట్టదు. "ఎందుకేడుస్తావు? పదిమంది కొడుకులకంటే నేను నీకు ఎక్కువ కానా?" అంటాడు మొగుడు. మంచివాడే, పాపం. ఆ మాటకు హన్నా బదులిచ్చినట్టు మాత్రం గ్రంథంలో లేదు.

లేచి మందిరానికి వెళ్లింది. పెదవులు కదులుతున్నాయి, గొంతు వినబడదు. గుమ్మం దగ్గర కూర్చున్న యాజకుడు ఏలీ చూసి, తాగి వచ్చిందనుకున్నాడు! ఎంతసేపీ మత్తు అని గదమాయించాడు. ఎందరి మొక్కులు చూసిన మనిషి, ఎదురుగా ఉన్న ఏడుపును పోల్చుకోలేకపోయాడు.

"తాగలేదయ్యా, దేవుడి ముందు నా ఆత్మను కుమ్మరించుకుంటున్నాను" అంది.

ఇక్కడ కాస్త ఆగుదాం. బాధ ఏమిటో ఆమె చెప్పలేదు. ఆయనా అడగలేదు. "క్షేమంగా వెళ్లు, నువ్వడిగింది దేవుడు దయచేయుగాక" అన్నాడు. ఏమడిగిందో తెలియకుండానే దీవించాడు. ఏలీ మీద నాకున్న కోపం ఈ మాటతో పోతుంది.

హన్నా వెళ్లి భోంచేసింది. మొహం తేటపడింది. ఇంకా కడుపు పండలేదు, కొడుకు సమూయేలు పుట్టలేదు. మరి ఆ తేట ఎక్కణ్ణుంచి వచ్చింది? పెనిన్నాకేం తెలుసు!

సమయం అయిపోవస్తోంది, ఒక్క మాట. పరామర్శకు వెళ్లి "నీ బాధ నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఇంతే" అని మొదలెడతాం చూడండి, అది మానేయొచ్చు. బైబిల్లోనే, పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబును పరామర్శించడానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఊరికే నేలమీద కూర్చున్నారు. తగువంతా వాళ్లు నోరు విప్పాకే. అందుకని, ఇంత అన్నం క్యారేజీలో పట్టుకెళ్లండి. పక్కన కూర్చోండి. చెబితే వినండి, చెప్పకపోతే అడక్కండి.

సెలవు.