140 ఫొటోలు, ఒకే క్లిక్కు: ఇన్‌డిజైన్ ఆబ్జెక్ట్ స్టైల్స్

నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ వీడియో చేయమని ఒక శిక్షణ సంస్థ నాకు పుస్తకాల పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌కు మూడు నెలల చందా కట్టింది. ఏం చెప్పాలో మాత్రం చెప్పలేదు. చెప్పినా నేను వినే రకం కాదని ఈ ఛానల్ చూసేవాళ్లకు తెలుసు. కొత్త వెర్షన్‌లో ఏమేమి వచ్చాయి, ఎంత మెమరీ కావాలి, ధర ఎంత, ఇవన్నీ మీరు ఈపాటికి చూసే ఉంటారు. వాటి జోలికి వెళ్లను. ఇవాళంతా ఒక చిన్న ప్యానెల్ గురించే. కంట్రోల్, ఎఫ్7 కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. దాని పేరు ఆబ్జెక్ట్ స్టైల్స్: ఫొటోలు, రాత ఉండే పెట్టెల రూపాన్ని (గీత, రంగు, నీడ) ఒక పేరు కింద దాచుకునే చోటు.

కొత్తదేమీ కాదు. 2005లో సీఎస్2 వెర్షన్‌తో వచ్చింది. అయినా నాకు తెలిసిన డీటీపీ సెంటర్లలో దీన్ని వాడేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఎందుకో తెలుసు, నేనూ ఆ బాపతే. ఇన్‌డిజైన్‌కు ముందు తరం పేజ్‌మేకర్ 7, తెలుగు అనూ ఫాంట్లు: నా వేళ్లు ఆ బడిలో చదువుకున్నాయి. అక్కడ పేరాకు స్టైలు ఉండేది, పెట్టెకు ఉండేది కాదు. ఫొటో పట్టుకో, చుట్టూ గీత పెట్టు. పక్క ఫొటో పట్టుకో, మళ్లీ గీత పెట్టు. ఇన్‌డిజైన్‌కు మారాక కూడా చాలా ఏళ్లు అలాగే గడిపాను, కారు కొని ఎడ్లను కట్టుకున్నట్టు.

నా కళ్లు తెరిపించింది ఒక పూర్వ విద్యార్థుల సావనీరు. 96 పేజీలు, 140 ఫొటోలు, అన్నింటికీ అర పాయింటు నల్ల గీత. ప్రెస్సుకు పంపే ముందు రోజు సాయంత్రం కమిటీ పెద్దాయన వచ్చి, కళ్లజోడు సర్దుకుని, "గీత బంగారు రంగులో ఉంటే నిండుగా ఉంటుంది కదండీ" అన్నారు. రాత్రి రెండున్నర దాకా కూర్చున్నాను. పొద్దున ప్రూఫులో మూడు ఫొటోలకు నల్ల గీతే ఉంది. అందులో ఒకటి ఆయనదే.

ఇప్పుడు తెర మీద చూడండి, అదే ఫైలు. ఒక ఫొటోకు గీత, చుట్టూ 2 మిల్లీమీటర్ల టెక్స్ట్ ర్యాప్ (అక్షరాలు దగ్గరకు రాకుండా ఖాళీ) పెట్టి, దాని నుంచి స్టైలు తయారు చేశాను. పేరు 'సభ్యుడి ఫొటో'. మిగతా ఫొటోలను ఎదురెదురు పేజీల చొప్పున ఎంచుకుంటూ ఆ పేరు నొక్కాను. ఇక స్టైలులో గీత రంగు మారుస్తున్నాను. మారింది చూశారా, 140కీ! ఎన్నిసార్లు చేసినా నాకు ముచ్చట తీరదు.

అసలు నాకు ప్రాణమైనది ఇది కాదు, సభ్యుల జాబితా. ప్రతి పెట్టెలో మూడు వరుసలు: పేరు, ఉద్యోగం, ఊరు. మూడింటికీ మూడు పేరా స్టైళ్లు. దేని తర్వాత ఏది రావాలో వాటిలో ముందే చెప్పి ఉంచాను. ఆబ్జెక్ట్ స్టైలులో పేరా స్టైల్స్ విభాగానికి వెళ్లి, మొదటిదాన్ని ఎంచుకుని, 'అప్లై నెక్స్ట్ స్టైల్'కు టిక్ పెట్టాలి. ఆపైన పెట్టెను ఎంచుకుని ఒక్క నొక్కు: పేరు లావుగా, ఉద్యోగం సన్నగా, ఊరు రంగులో కూర్చుంటాయి. తెలుగు లాంటి లిపులను సరిగ్గా కూర్చే వర్ల్డ్ రెడీ కంపోజర్ కూడా ఆ పేరా స్టైళ్లలోనే పెట్టాను కాబట్టి యూనికోడ్ ఒత్తులు చెదరవు. ఒకటే షరతు. టైపు చేసినవారు మధ్యలో ఖాళీ ఎంటర్ కొట్టకూడదు. కొడితే ఉద్యోగం స్టైలు ఆ ఖాళీ వరుసకు పోతుంది, ఉద్యోగం ఊరి వేషం కడుతుంది.

ఇక నా చిరాకు. స్టైలు ఆప్షన్ల కిటికీలో ఎడమవైపు టిక్కుల వరుస ఉంది కదా, దాని సంగతి. టిక్ తీస్తే ఆ గుణం పోతుందని ఎవరైనా అనుకుంటారు. పోదు! టిక్ తీయడమంటే 'అది వద్దు' అని కాదు, 'దానితో నాకు సంబంధం లేదు' అని. పెట్టెకు అప్పటికే పసుపు రంగు ఉంటే పసుపుగానే ఉంటుంది. నీడల దగ్గర ఇంకా తిరకాసు: ఉండాలి, ఉండకూడదు, పట్టించుకోను, ఈ మూడూ ఒకే చిన్న గడిలో. నేను 'పట్టించుకోను'లో వదిలేసి, నీడలు ఎందుకు పోవడం లేదా అని అరగంట జుట్టు పీక్కున్నాను. ఇంకో సంగతి: ఏ పెట్టెనూ ఎంచుకోకుండా స్టైలు పేరు నొక్కితే, అదే కొత్త పెట్టెలకు డిఫాల్ట్ అయిపోతుంది. ఒక రోజంతా ఏ పెట్టె గీసినా బంగారు గీతతో పుట్టింది.

స్టైలు పేరు పక్కన వచ్చే ప్లస్ గుర్తును మాత్రం ఏమీ అనను. ఆ పెట్టెలో ఎవరో చేత్తో ఏదో మార్చారని అది చాడీ చెబుతుంది. ఆల్ట్ పట్టుకుని స్టైలు పేరు నొక్కితే ఆ మార్పులు పోతాయి. కొలతలు, స్థానం కూడా స్టైలులోకి వచ్చింది 2017 అక్టోబరులో, సీసీ 2018 వెర్షన్‌తో. వెడల్పు ఒక్కటే కట్టేసి ఎత్తును వదిలేయవచ్చు. జాబితా పెట్టెలకు నాకు కావలసింది అదే.

మూడు నెలలయ్యాక నా జేబులోంచి కడతానా? కడతాను, ఈ ప్యానెల్ కోసమే. నెలకు రెండు కరపత్రాలు చేసేవారు మాత్రం తొందరపడకండి, ఆ పనికి మీ పాత సరంజామా చాలు.

అన్నట్టు, ఆ పెద్దాయన మళ్లీ ఫోను చేశారు. ఈ ఏడాది సావనీరుకు వెండి రంగు అట. పాత ఫైలులోని స్టైళ్లను 'లోడ్ ఆబ్జెక్ట్ స్టైల్స్'తో కొత్త ఫైలులోకి తెచ్చుకున్నాను. ప్రెస్సుకు పంపే ముందు రోజు దాకా మనసు మార్చుకోవచ్చని చెప్పాను.