అరవయ్యో రోజు దాటితే

వేదిక మీదున్న పెద్దలకు, వకీలు సాబ్‌లకు, కోర్టు పని పక్కన పెట్టి వచ్చిన జూనియర్లకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే చాయ్ చల్లారుతది, మన్నించండి.

ఇయ్యాల డిసెంబర్ 10. మనిషన్న ప్రతివాడికీ న్యాయమైన విచారణ హక్కుందని 1948లో ఇదే రోజు ఐక్యరాజ్యసమితి చాటింది. మరి ఆ సమితిలోనే నౌకరీ చేసేటోనికి అన్యాయం జరిగితే ఏ కోర్టుకు పోవాలె? మన జిల్లా కోర్టు వినదు. 1946 నాటి ఒడంబడిక, దాన్ని మన దేశంలో అమలు చేసిన 1947 చట్టం సమితికి కోర్టు కేసుల నుంచి రక్షణ ఇచ్చినయి. మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కూ ఆ చట్టం కిందనే రక్షణ. ఉద్యోగుల కేసులో దాని మీద హైకోర్టులో రిట్ పిటిషన్ నడవదని సుప్రీంకోర్టు 2003లో తేల్చేసింది.

పాలమూరు లేబర్‌కు గుంపు మేస్త్రీ సంగతి కొత్తగా చెప్పాలా? అడ్వాన్సు ఇచ్చేదీ ఆయనే, హాజరు రాసేదీ ఆయనే, తగువొస్తే పంచాయితీ చెప్పేదీ ఆయనే. సమితి లోపల కూడా చాన్నాళ్లు దాదాపు ఇదే తంతు. మొదటి మెట్టులో కూర్చునేది తోటి ఉద్యోగులే, వాళ్లిచ్చేది సలహానే. ఈ పద్ధతి పనికిరాదని 2006లో నిపుణుల కమిటీ చెప్పినంక, 2009 జులై 1 నుంచి జడ్జీలతో ట్రిబ్యునళ్లు వచ్చినయి. న్యూయార్క్, జెనీవా, నైరోబీలలో మొదటి మెట్టు, ఆ పైన అప్పీలు.

మంచిదే. కానీ కేసులు చచ్చేది తారీఖుల కాడ. వెనక బెంచీ తమ్ముడూ, లెక్క వెయ్యి. సమితి ఉద్యోగి ఒకనికి మార్చి 1న "కాంట్రాక్టు పొడిగించం" అని కాయితం అందింది. ట్రిబ్యునల్‌కు పోయే ముందు, ఆ నిర్ణయాన్ని మళ్లీ చూడమని యాజమాన్యానికే దరఖాస్తు పెట్టాలె. గడువు 60 రోజులు. అంటే ఏప్రిల్ 30. మనోడేమో పై ఆఫీసరుకు "సార్, దయచేసి ఇంకోసారి ఆలోచించండి" అని మెయిల్ పెట్టి కూసుంటడు. మే 10న జవాబొస్తది, పాత మాటే. ఆ రోజు నుంచి లెక్కబెడితే మునిగినట్టే! పాత నిర్ణయాన్నే మళ్లీ చెప్తే గడువు కొత్తగా మొదలు కాదు. ఈ 60 రోజుల గడువును సడలించే అధికారం ట్రిబ్యునల్ జడ్జికి కూడా లేదు.

దరఖాస్తు టైముకు పడ్డదనుకుందాం. జవాబుకు న్యూయార్క్‌లో 30 రోజులు, బయటి ఆఫీసులకు 45. జవాబు రాకపోయినా ఆ గడువు అయిపోయిన దినం నుంచి ట్రిబ్యునల్‌కు 90 రోజులు నడుస్తనే ఉంటయి. జవాబొచ్చినంక చూద్దామని ఆగినోళ్లు అక్కడ దెబ్బతింటరు. క్రమశిక్షణ చర్యల మీదైతే ఈ దరఖాస్తు మెట్టు లేదు, నేరుగా ట్రిబ్యునల్‌కే పోవచ్చు.

ఇగ అసలు బాధ కన్సల్టెంట్లది. పక్క కుర్చీలో అదే పని చేస్తరు గానీ కాయితం మీద వాళ్లు ఉద్యోగులు కారు, ట్రిబ్యునల్ గడప తొక్కే వీల్లేదు. కాంట్రాక్టు చివర్ల చిన్న అక్షరాలతో ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు, అని ఉంటది. నాలుగు నెలల జీతం కోసం ఆర్బిట్రేటర్ ఫీజు ఎవరు కడతరు? చెప్పండి, మీలో ఎవరన్నా కడతరా?

సమితి సర్వప్రతినిధి సభలో బడ్జెట్ చూసే ఐదో కమిటీ, చట్టాల సంగతి చూసే ఆరో కమిటీ ఏటా ఈ న్యాయవ్యవస్థ మీద చర్చిస్తయి. మన దేశానికి అక్కడ కుర్చీ ఉంది. కన్సల్టెంట్లకూ ట్రిబ్యునల్ తలుపు తెరవాలని అక్కడ అడగమంటూ మన ఎంపీకి వినతిపత్రం రాసినం. ఆ మూల బల్ల మీదుంది. సంతకం కింద తారీఖు వెయ్యడం మాత్రం మరవకండి.