చాచిన చెయ్యి

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించండి. ముందు ఒక చిన్న కోరిక. మీ దగ్గర పుస్తకమో సంచో ఏదుంటే అది తీసుకుని, చెయ్యి ముందుకు చాచి కదలకుండా పట్టుకోండి. నేను దించమనేదాకా దించకండి. నవ్వులాటకు కాదు, నిజంగానే అడుగుతున్నాను.

బలం, పని, శక్తి, సామర్థ్యం గురించి మాట్లాడమన్నారు. చిక్కంతా మాటలతోనే. బలవంతుడు, శక్తిమంతుడు, సమర్థుడు అని ఒకే మనిషిని ఒకే గుక్కలో పొగుడుతాం. భౌతికశాస్త్రం దానికి ఒప్పుకోదు. బలం అంటే తోయడం, లాగడం. కొలిచేది న్యూటన్లలో. ఆ బలం దిశలో వస్తువు జరిగిన దూరంతో బలాన్ని గుణిస్తే పని. 1829లో కొరియోలిస్ అనే ఫ్రెంచి ఆయన ‘పని’ అన్న మాటకు ఈ అర్థాన్ని ఖాయం చేశాడు. కిలో బరువును మీటరు ఎత్తుకు లేపితే దాదాపు 9.8 జౌళ్ల పని. దూరం సున్నా అయితే పనీ సున్నా.

చేతులు ఎలా ఉన్నాయి? మూడో వరుసలో ఒకరు అప్పుడే మోచెయ్యి వంచేశారు, చూశాను.

నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన తొలి ఏడాది, పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చాను. బరువైన సంచి పట్టుకుని కదలకుండా నిలబడిన మనిషి సంచి మీద చేసిన పని ఎంత? ఒక అమ్మాయి రాసింది: ‘చాలా పని, చెమట పడుతుంది కాబట్టి’ అని. ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. మర్నాడు ఆ కాగితం పట్టుకుని వచ్చి, ‘మరి చెయ్యి ఎందుకు నొప్పి పుడుతుంది మాస్టారూ?’ అని అడిగింది. ‘నిర్వచనం చదువుకో’ అని పంపేశాను. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఇన్నేళ్ల తర్వాత ఈ సభకు రమ్మంటే ఒప్పుకున్నది, నిజం చెప్పాలంటే, ఆ జవాబు ఎక్కడో ఒకచోట చెప్పుకోవడానికే.

అదే పుస్తకాన్ని బల్ల మీద పెట్టండి. ఏళ్ల తరబడి మోసినా బల్ల అలసిపోదు. కండరం బల్లలాంటిది కాదు. అందులో ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ల పోగులుంటాయి. మయోసిన్ తలలు ఆక్టిన్ పోగును పట్టుకుంటాయి, లాగుతాయి, వదులుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. ఒక్కో విడతకు ఒక ఏటీపీ అణువు ఖర్చు; కణాలకు ఇంధనం లాంటిది అది. తాడాటలో రెండు జట్లూ సమానమై తాడు కదలనప్పుడు చూడండి, ఆడేవాళ్లు పట్టు మార్చుకుంటూ రొప్పుతూనే ఉంటారు. అలాగే మీ భుజంలో ఇప్పుడు రసాయనిక శక్తి ఖర్చవుతోంది, చివరికి వేడిగా మారుతోంది. పుస్తకం మీద జరిగిన పని సున్నా. మీ ఒంట్లో ఖర్చయిన శక్తి సున్నా కాదు. ఆ అమ్మాయి చెమట అబద్ధం కాదు. జవాబు తప్పే, కానీ ప్రశ్న నాకంటే పెద్దది.

సామర్థ్యానికి ఎక్కువ సమయం లేదు. యాభై కిలోల మనిషి మూడు మీటర్ల ఎత్తు మెట్లెక్కితే, తన బరువును పైకి చేర్చిన పని 1470 జౌళ్లు. మెల్లగా ఎక్కినా పరుగెత్తినా అంతే. పదిహేను సెకన్లలో ఎక్కితే 98 వాట్లు, ఐదు సెకన్లలో అయితే 294. పని మారలేదు, సామర్థ్యం మారింది. వాట్ అంటేనే సెకనుకు ఒక జౌల్. అందుకే ‘గంటకు ఇన్ని మెగావాట్ల ఉత్పత్తి’ అని ఎవరైనా రాస్తే నాకు ఒళ్లు మండుతుంది. సామర్థ్యమంటేనే పని జరిగే వేగం, దాన్ని మళ్లీ కాలంతో భాగించడమేమిటి? కరెంటు మీటరు లెక్కపెట్టేది కిలోవాట్-గంటలు, అంటే శక్తి. ఒక్క కిలోవాట్-గంటకు 36 లక్షల జౌళ్లు. అంత పని చెయ్యాలంటే మన మనిషి ఆ మెట్లు దాదాపు 2450 సార్లు ఎక్కాలి.

అయ్యో, ఇంకా పట్టుకునే ఉన్నారా! దించండి. ఒక్కసారిగా వదిలేయకండి, మెల్లగా. ఇప్పుడు పుస్తకం కదులుతోంది, కాబట్టి పని జరుగుతోంది. భూమి కిందికి లాగుతోంది, పుస్తకమూ కిందికే వస్తోంది, అది ధనాత్మకం. మీ చెయ్యి పైకి ఆపుతోంది, అందుకే మీది రుణాత్మకం. నొప్పి ఎందుకని మాత్రం ఇంకెవరూ నన్ను అడగలేదు.