మీ ఊరి సైకిల్ లేన్‌కి గట్టు ఉందా?

నమస్కారం అండి. సైకిల్ గురించి నేను ఏ వీడియో పెట్టినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "లేన్లు వేశారుగా, ఎవరు తొక్కుతున్నారు? మన దగ్గర ఇవన్నీ దండగ." కోపంతో కాదు, నిజంగా అలాగే నమ్మి అంటారు. అందుకే నాకు బాధ. మీరు చూసింది సైకిల్ లేనే కాదండి, తారు రోడ్డు అంచున కొట్టిన రంగు. ఈ రెండింటికీ ఉన్న తేడా చెప్పడానికే ఈ వీడియో.

మా తాతగారు కృష్ణా డెల్టాలో వరి వేసేవారు. సెలవులకి వెళ్తే పొద్దున్నే ఆయన వెంట గట్లు చూసి రావడం నా పని. మడిలో నీళ్లు నిలవాలంటే పారతో మట్టి తీసి, పరిచి, కాలితో తొక్కి గట్టు వేస్తారు. బురదలో కర్రతో గీత గీసి, ఇక నీళ్లు ఆగుతాయిలే అని ఏ రైతూ ఇంటికి పోడు. ట్రాఫిక్ కూడా నీళ్లలాంటిదే. నీళ్లు పల్లానికి పారతాయి, బండ్లు ఖాళీలోకి పారతాయి. ఏ సిగ్నల్ దగ్గరైనా ఒక్క నిమిషం నిలబడి చూడండి. రెండు కార్ల మధ్య కాస్త సందు కనపడితే చాలు, ఓ టూవీలర్ ముందు చక్రం అప్పటికే అందులో ఉంటుంది. దానికి వాళ్లని తిట్టి లాభం లేదు. లేన్‌కీ బండ్లకీ మధ్య గట్టు, అంటే బండ్లు దాటలేని అడ్డు, వేయకపోవడం వేయాల్సినవాళ్ల తప్పు.

(స్క్రీన్ మీద: పైనుంచి చూసినట్టు రోడ్డు బొమ్మ, ఎడమ అంచున ఆకుపచ్చ రంగు.)

రంగు లేన్‌లో సైకిల్ మీద వెళ్తున్న మనిషిని చూడండి. కొంత దూరం బాగానే ఉంటుంది. తర్వాత ఆపి ఉంచిన కారు. అది దాటితే కొబ్బరిబోండాల బండి. ఆ తర్వాత రోడ్డు తవ్వి పోసిన మట్టి. ప్రతిసారీ ఆయన లేన్ వదిలి ట్రాఫిక్‌లోకి రావాలి, మళ్లీ లోపలికి పోవాలి. లేన్ లేని రోడ్డు మీదైతే మొదటినుంచీ ఒకే వరసలో వెళ్లేవాడు, వెనక బస్సు డ్రైవరుకి కనపడుతూ ఉండేవాడు. ఇప్పుడు ఉన్నట్టుండి ఊడిపడతాడు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: గట్టు లేని రంగు లేన్ కొన్ని రోడ్ల మీద అసలు లేన్ లేకపోవడం కన్నా ప్రమాదం.

మరి గట్టు ఎంత ఎత్తుండాలి? నీటి ఉరవడిని బట్టి. పొలంలోకి వచ్చే చిన్న బోదెకి జానెడు గట్టు చాలు. పెద్ద కాలువకైతే కట్ట మీద లారీలు తిరిగేంత వెడల్పు కావాలి. రోడ్డు మీద ఉరవడి అంటే వేగం. 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు 60కి చేరితే గుద్దే శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. ఆగే దూరం చూడండి. 30లో ఉన్న డ్రైవరు ప్రమాదం గమనించి బ్రేకు వేసి బండి ఆపేసరికి, పొడి రోడ్డు మీద సుమారు 13 మీటర్లు పోతుంది. అదే 60లో అయితే 35 మీటర్లు దాటిపోతుంది. కాబట్టి కాలనీ వీధుల్లో వేరే లేన్ అక్కర్లేదు, బండ్లని 30కి దించితే చాలు. స్పీడ్ బ్రేకర్లు, ఇరుకు మలుపులు ఆ పని చేస్తాయి. అరవైలో బస్సులు పోయే మెయిన్ రోడ్డుకి మాత్రం కాంక్రీటు గట్టే కావాలి. ప్లాస్టిక్ స్తంభాలు నాటితే ఎన్నాళ్లుంటాయో మీరే చూశారు.

నెదర్లాండ్స్ వాళ్లకి ఇదంతా పుట్టుకతో వచ్చిందని చాలామంది అనుకుంటారు. కాదండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్ల రోడ్లు కూడా కార్లతో నిండిపోయాయి. 1971లో ఒక్క ఏడాదిలో అక్కడ రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని అలా పోగొట్టుకున్న ఒక విలేఖరి 1972లో పత్రికలో రాశాడు. ఆ రాతలోంచి ఒక ఉద్యమం పుట్టింది. దాని పేరు స్టాప్ డె కిండర్‌మోర్డ్, అంటే పిల్లల హత్య ఆపండి అని. తల్లిదండ్రులు రోడ్డెక్కారు. మరుసటి ఏడు చమురు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు ఆపేశారు. ఖాళీ రోడ్డు ఎలా ఉంటుందో జనం కళ్లారా చూశారు. ఆ పేరు చూడండి. ప్రమాదం అనలేదు, హత్య అన్నారు. నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తున్నాను, గండి.

ఎంత గట్టి గట్టయినా ఒక్కచోట గండి పడితే మడి మొత్తం ఖాళీ. మా తాతగారు గట్టంతా తిరిగేవారు కాదు, గండి పడే చోట్లు ఆయనకి తెలుసు, నేరుగా అక్కడికే వెళ్లేవారు. సైకిల్ లేన్‌కి గండి ఎక్కడో తెలుసా? జంక్షన్ దగ్గర. మన లేన్లు కిలోమీటరు పొడుగునా ఉండి, సరిగ్గా చౌరస్తా వచ్చేసరికి మాయమవుతాయి. అక్కడే ఫ్రీ లెఫ్ట్. సైకిల్ తిన్నగా వెళ్లాలి, దాని కుడిపక్కన వస్తున్న కారు ఎడమకి తిరగాలి. ఇద్దరి దారులూ ఒకదాన్నొకటి కోస్తాయి. కారు వేగం తగ్గించదు, ఎందుకంటే మలుపు విశాలంగా గుండ్రంగా కట్టారు.

పొలంలో నీళ్లు వదలడానికీ గట్టుకి సందు ఉంటుంది, దాన్ని మడవ అంటారు. ఎప్పుడు తీయాలో ఎప్పుడు కట్టాలో రైతు చేతిలో ఉంటుంది. గండి మన చేతిలో ఉండదు. జంక్షన్లో కూడా గండిని మడవగా మార్చాలి. డచ్చి వాళ్లు, అంటే నెదర్లాండ్స్ వాళ్లు, మూల దగ్గర చిన్న దీవిలాంటి కాంక్రీటు దిమ్మె కడతారు. దాంతో కారు మెల్లగా, ఇరుకుగా తిరగాల్సి వస్తుంది. తిరిగాక సైకిల్ దాటే చోటు డ్రైవరు కళ్లెదురుగా ఉంటుంది, అద్దంలో వెతుక్కోనక్కర్లేదు. పెద్ద కూడళ్లలో సైకిళ్లకి వేరే సిగ్నల్ కూడా ఉంటుంది.

మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో తెరిచిన ట్రాక్ చూశారా? తెరిచినప్పుడు 23 కిలోమీటర్లు, 4.5 మీటర్ల వెడల్పు, నెత్తిన సోలార్ పలకలు. గట్టు పరంగా దానికి వంక పెట్టలేను, నాకు చాలా ఇష్టం. కానీ ఆ ట్రాక్ ఉన్న నార్సింగి దాకా సైకిల్ మీద ఎలా వెళ్లాలి? కారు వెనక సైకిల్ కట్టుకుని వచ్చేవాళ్లని అక్కడ చూస్తుంటాను. పెద్ద కాలువ తవ్వి బోదెలు తవ్వకపోతే మడి ఎండుతుంది. డచ్చి వాళ్లకీ ఇదే అనుభవం. 1970లలో హేగ్‌లో, టిల్‌బర్గ్‌లో తలా ఒక మంచి సైకిల్ దారి వేశారు. ఆ దారి మీద సైకిళ్లు పెరిగాయి, ఊరి మొత్తంలో పెద్దగా మారలేదు. 1980లలో డెల్ఫ్ట్‌లో ఊరంతా దారులు కలిపాకే ఫలితం కనపడింది.

టైమ్ అయిపోతోంది, తొక్కేవాళ్లకి నాలుగు మాటలు గబగబా. రాంగ్ సైడ్ వద్దు. ఎదురుగా వచ్చే బండి కనపడుతుంది కదా అంటారు, కానీ మీరు 15లో, అది 45లో ఉంటే ఎదురెదురుగా 60 అవుతుంది, ఒకే దిక్కున అయితే 30. పైగా పక్క వీధిలోంచి ఎడమకి తిరిగే డ్రైవరు కుడివైపే చూస్తాడు, మీరు రెండో వైపు నుంచి వస్తారు. ఆగి ఉన్న కార్ల పక్కన వెళ్తే తలుపు వెడల్పంత దూరం ఉంచండి. కారులో ఉన్నవాళ్లు కుడి తలుపుని ఎడమ చేత్తో తీయడం అలవాటు చేసుకోండి, ఒళ్లు దానంతట అదే వెనక్కి తిరుగుతుంది, వచ్చే సైకిల్ కనపడుతుంది. సిగ్నల్ దగ్గర లారీకి ఎడమ పక్కన ఎప్పుడూ ఆగకండి, డ్రైవరుకి మీరు కనపడరు. వెనక ఎర్ర లైటు పెట్టుకోండి. హెల్మెట్ సరే, కానీ గట్టు వేయని రోడ్డుకి హెల్మెట్ బదులు కాదు.

ఇక మునిసిపాలిటీకి అర్జీ. ఊరికే "సైకిల్ లేన్ కావాలి" అని రాస్తే మళ్లీ రంగే వేస్తారు. ఏ జంక్షనో, లేన్ ఎక్కడ తెగిందో, ఎన్ని మీటర్లకి గట్టు కావాలో ఫోటోతో రాయండి. దానితో పాటు సైకిళ్ల లెక్క జతచేయండి. ఒక చౌరస్తాలో కూర్చుని గంటకి ఎన్ని పోతున్నాయో గీతలు గీసుకుంటే చాలు. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్లలో సైకిల్ ఉంది, వాళ్లంతా ఎక్కడికీ పోలేదు. పేపర్ వేసే కుర్రాళ్లు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్లు, మేస్త్రీలు, కూలీలు. అందుకని ఆదివారం లెక్కపెట్టకండి, పనిరోజు పెట్టండి. అయిదున్నరకల్లా అక్కడ ఉండండి. ఎనిమిదికి వెళ్తే వాళ్లు అప్పటికే పనిలో ఉంటారు.