నల్లా నీళ్లు, బోరు నీళ్లు, మధ్యలో సంపు

అందరికీ నమస్కారం.

"గీజరు నిండా సున్నం పట్టింది, నల్లా నీళ్లు బాగాలేవు" అని ఎవరైనా అంటే ముందుగా అడగాల్సింది ఒక్కటే: ఆ నీళ్లు ఎక్కడ పట్టారు? గేటు దగ్గరి నల్లాలోనా, వంటింట్లోనా? వరంగల్‌లో ఈ రెండూ ఒకటే కావడం తక్కువ.

నగరానికి అందేవి ప్రధానంగా గోదావరి నీళ్లు. ధర్మసాగర్, వడ్డేపల్లి వంటి చెరువులకు చేరి, ఫిల్టర్ బెడ్లలో శుద్ధయి వస్తాయి. బోరుది వేరే కథ. మన నేల కింద గ్రానైటు పగుళ్లలో నిలిచిన నీళ్లు కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుంటాయి, కొన్నిచోట్ల ఫ్లోరైడు కూడా. ఇలా కరిగిన కాల్షియం, మెగ్నీషియంల మోతాదునే నీటి కాఠిన్యం అంటాం. నల్లా రాని రోజు బోరు మోటారు వేసి అదే సంపు నింపేస్తాం. లెక్క చూడండి: నల్లా నీటి కాఠిన్యం లీటరుకు 150 మిల్లీగ్రాములు, బోరుది 600 అనుకుందాం. సగం సగం కలిస్తే 375. తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం 200 దాకా మంచిది. వేరే దిక్కులేని చోట 600 దాకా ఒప్పుకుంటారు. కందిపప్పు మెత్తబడకపోవడానికీ ఈ కాల్షియమే కారణం, పప్పు గింజలోని పెక్టిన్‌ను బిగించేస్తుంది.

కాబట్టి మూడు సీసాలు పట్టండి: నల్లా, బోరు, వంటింటి కుళాయి. నల్లా నీళ్లు మొదటి రెండు మూడు నిమిషాలు వదిలేశాకే పట్టాలి. కాఠిన్యం పరీక్ష కిట్‌లో ముందు బఫర్ (నీటి క్షారగుణాన్ని నిలకడగా ఉంచే ద్రావణం) చుక్కలు, తర్వాత సూచిక పొడి వేస్తే నీళ్లు ద్రాక్షసారా లాంటి ఎరుపుకు మారతాయి. ఇక కాల్షియం, మెగ్నీషియంలను పట్టేసే ఈడీటీఏ ద్రావణం ఒక్కో చుక్కా వేస్తూ సీసా తిప్పుతూ లెక్కపెట్టండి. చుక్కకు ఎన్ని మిల్లీగ్రాములో డబ్బా మీదే ఉంటుంది. ఊదారంగు రాగానే ఆపేస్తారు చాలామంది, అందుకే లెక్క తక్కువ వస్తుంది; ఎరుపు ఛాయ పూర్తిగా పోయి నీలం కావాలి. బఫర్ మరిచిపోతే రంగు సరిగ్గా మారనే మారదు.

టీడీఎస్ మీటరుతో కాఠిన్యం తేలదు. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా కడుతుంది. కాఠిన్యం తగ్గించే యంత్రం సాఫ్ట్‌నర్, కాల్షియం తీసి సోడియం వదులుతుంది కనుక దాని ముందూ వెనకా మీటరు దాదాపు ఒకే అంకె చూపిస్తుంది. అమ్మేవాడు ఆ మీటరు పట్టుకుని సాఫ్ట్‌నర్ గొప్ప చెబుతుంటే నవ్వుకుని ఊరుకోండి.

పటికతో మురికి అడుగుకు దిగుతుంది, కాఠిన్యం పోదు. మరిగిస్తే తాత్కాలిక కాఠిన్యం (బైకార్బొనేట్ల వల్ల వచ్చేది) మాత్రమే తెల్లగా అడుగున దిగుతుంది. ఫ్లోరైడు మరిగిస్తే పోదు సరికదా, నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. దానికి ఆర్వో కావాలి. నల్లా నీళ్లు విడిగా పట్టుకునే ఇంట్లో టీడీఎస్ 500 లోపుంటే, ఫ్లోరైడు లేకుంటే, ఆర్వో పెట్టడం నీళ్లు మోరీలో పోయడమే.

సున్నం పట్టిన కెటిల్‌కు లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు వేసి కాచి, అరగంట ఉంచి కడగండి. బాత్రూం ఆసిడ్ వద్దు, లోహాన్ని తినేస్తుంది.

ఇంకొకటి, నల్లా పైపుకు నేరుగా మోటారు బిగించకండి. మోటారు గుంజినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, లీకుల గుండా మోరీ నీళ్లు లోపలికొస్తాయి. అప్పుడు కాఠిన్యం సంగతి అటుంచి విరేచనాలు పట్టుకుంటాయి. నల్లా చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరోస్కోపులో చుక్కలు వేస్తే లేత పసుపు రావాలి. రంగే రాకపోతే ఆ రోజు నీళ్లు కాచే తాగండి, వార్డు ఆఫీసులో చెప్పండి.

సీసాలు తెచ్చినవాళ్లు ముందుకు రండి, బోరు సీసాతో మొదలుపెడదాం.