‘మంచిగనే ఉంది’ అన్న తర్వాత ఏం అడగాలి?

అందరికీ నమస్కారం. సర్కారు దవాఖానకు వెళ్లినవాళ్లను అక్కడేం జరిగిందో అడిగే సర్వే ప్రశ్నలు ఎలా తయారు చేయాలో ఈ రోజు మాట్లాడుకుందాం.

మర్రిగూడ వైపు ఒక ఊళ్లో అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ గురించి ముందు చెప్తాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగీ తాగీ ఆమె మోకాళ్లు వంకర పోయాయి. నా చేతిలో ప్రశ్నల కాగితం. ‘సర్కారు దవాఖానలో అందిన సేవలతో మీరు సంతృప్తిగా ఉన్నారా?’ అని చదివాను. ‘మంచిగనే ఉంది బిడ్డా’ అంది. ఐదుకు ఐదు వేసుకున్నాను. లేవబోతుంటే మెల్లగా అడిగింది: ‘ఇది రాసుకుంటే నా పింఛన్ ఆగదు గదా?’

ఆ ఐదు మార్కులూ పింఛన్ భయం వేసినవే. మళ్లీ కూర్చున్నాను. ‘గోళీలు ఇచ్చినప్పుడు ఏది ఎప్పుడు వేసుకోవాలో ఎవరన్నా చెప్పిన్రా అమ్మా?’ అన్నాను. కొంగు ముడి విప్పి రెండు షీట్లు చూపించింది. ఒకటి బీపీది, ఒకటి షుగర్‌ది. ‘రెండూ తెల్లగనే ఉన్నయ్. ఏది చేతికొస్తే అది ఏస్కుంటున్న’ అంది.

ఆ రోజు నుంచి నేను సంతృప్తి గురించి అడగడం మానేశాను. ఇంటికొచ్చి అడిగినవాళ్ల ముందు ఎవరినీ చెడ్డ అనకపోవడం మన దగ్గర మర్యాద. అందుకే జరిగింది అడగాలి. చీటీ రాయించుకున్నాక ఎంతసేపు కూర్చున్నారు? రాసిన మందులన్నీ అక్కడే దొరికాయా, బయట కొన్నారా?

ప్రాథమిక వైద్యం గురించి అమెరికా డాక్టరు, పరిశోధకురాలు బార్బరా స్టార్‌ఫీల్డ్ చెప్పిన నాలుగు సంగతులు మనకూ పనికొస్తాయి: జబ్బు చేస్తే మొదట వెళ్లే చోటు కావడం, ఏళ్ల తరబడి అదే మనిషి చూడడం, ఎక్కువ అవసరాలు అక్కడే తీరడం, పెద్దాసుపత్రికి పంపినా మన సంగతి పట్టించుకోవడం. ప్రశ్నలను మాత్రం ఉన్నవున్నట్టు తెచ్చుకోలేం. ఇంగ్లాండులో 2007 నుంచి జీపీ పేషెంట్ సర్వే జరుగుతోంది. జీపీ అంటే అక్కడ మొదట చూపించుకునే మామూలు డాక్టరు. అక్కడ రోగి ఒక క్లినిక్‌లో పేరు నమోదు చేసుకుంటాడు. ఇక్కడ జ్వరమొస్తే ముందు ఆర్‌ఎంపీ, తగ్గకపోతే పీహెచ్‌సీ, అప్పటికీ తగ్గకపోతే నల్లగొండో హైదరాబాదో. పాలమూరు నుంచి ముంబై, పుణె పనికి పోయినవాళ్లకు ‘మీ డాక్టరు’ ఎవరు? డాక్టరుకు బదిలీ అవుతుంది, ఆశమ్మ ఊళ్లోనే ఉంటుంది. ‘అదే మనిషి చూస్తున్నారా’ అన్న ప్రశ్న ఆశమ్మ గురించీ అడగకపోతే సగం నిజమే తెలుస్తుంది.

ఇక భాష. ‘డాక్టరు మిమ్మల్ని పరీక్షించారా?’ అంటే ఒకాయన ‘లేదు, రక్తం తియ్యలే’ అన్నాడు. పరీక్ష అంటే ఆయనకు ల్యాబే. దాన్ని ‘చెయ్యి పట్టి గానీ, గొట్టం పెట్టి గానీ చూశారా?’ అని మార్చాం. జవాబుల్లో ‘ఎప్పుడూ’, ‘ఎప్పుడూ లేదు’ అని పెట్టాం. చదివి వినిపిస్తే రెండూ కలిసిపోయాయి. ‘ప్రతిసారీ’, ‘ఒక్కసారి కూడా లేదు’ అన్నాక గానీ తేడా తెలియలేదు. ‘గత ఆరు నెలల్లో’ అంటే వేళ్లు లెక్కపెట్టేవాళ్లు, ‘బతుకమ్మ పండుగ నుంచి’ అంటే వెంటనే చెప్పారు. ఇవన్నీ తెలిసింది ఒకే పనితో: ప్రశ్న చదివి, ‘ఇప్పుడు నేనేం అడిగానో మీ మాటల్లో చెప్పండి’ అనడం. సర్వేకు ముందు చేసే పనుల్లో దీనికే ఎక్కువ రోజులు పెట్టండి. తండాల్లో ఇది రెండింతలు అవసరం. లంబాడీల భాష గోర్ బోలీలో అప్పటికప్పుడు అనువాదం చేస్తే ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న అడిగినట్టవుతుంది.

అంకెల పరీక్షలు తర్వాత. రెండు వారాలాగి అదే మనిషిని మళ్లీ అడిగితే అదే జవాబు రావాలి. ప్రశ్నలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చూపే అంకె ఆల్ఫా. 1951లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్రాన్‌బాక్ ఇచ్చిన ఈ ఆల్ఫా 0.7 దాటితే చాలామంది సంతోషపడతారు. ఒకే సంగతిని ఐదు రకాలుగా అడిగినా అది పెరుగుతుంది, జాగ్రత్త. అందరూ పై మార్కే వేసిన ప్రశ్న మంచి దవాఖానకూ చెడ్డదానికీ తేడా చూపించదు. దాన్ని తీసేయండి.

దవాఖాన వరండాలో అడగొద్దు, ఏఎన్‌ఎంతో అడిగించొద్దు. ఇంటికెళ్లి, పింఛన్‌కూ దీనికీ సంబంధం లేదని ముందే చెప్పి అడగండి.

మీ ముందున్న కాగితంలో పన్నెండు ప్రశ్నలున్నాయి. భోజనాలయ్యాక ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరు చదవండి, రెండోవారు తమకేం అర్థమైందో చెప్పండి. నాలుగో ప్రశ్నలో తప్పుందని నాకు అనుమానం. అది మందుల గురించే. ముందు దాన్ని చూడండి.